నా సంతకం మీద నాకు మళ్లీ నమ్మకం కుదిరిన తీరు

మందుల ల్యాబ్‌లో చేసే ప్రతి పరీక్ష చివరా రెండు సంతకాలు ఉంటాయి. ‘చేసినవారు’ అన్న చోట ఒకటి, ‘సరిచూసినవారు’ అన్న చోట ఇంకొకటి. క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) విభాగంలో ఏళ్ల తరబడి ఆ మొదటి సంతకం జంకు లేకుండా పెట్టినదాన్ని నేను. ఉద్యోగం పోయి, కొన్నాళ్లు ఇంట్లో ఉండి, 2020 జనవరిలో కొత్త కంపెనీలో చేరాక సరిగ్గా ఆ గడి దగ్గరే నా చెయ్యి ఆగిపోయేది. పని రాక కాదు. ‘ఇది నేను చేశాను, సరిగ్గానే చేశాను’ అని చెప్పగలిగే ధైర్యం పోయింది.

ఉద్యోగం పోయినవాళ్లకు కొత్తది ఎలా వెతుక్కోవాలో చెప్పేవాళ్లు బోలెడంతమంది. దొరికాక అందులో ఎలా నిలదొక్కుకోవాలో నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది గుంటూరు. అక్కడే ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ చేసి హైదరాబాద్ వచ్చాను. జీడిమెట్ల వైపు ఒక కంపెనీ క్యూసీలో ట్రైనీగా చేరి సీనియర్ అనలిస్టు దాకా ఎదిగాను. 2019 వానాకాలంలో ఎగుమతి ఆర్డర్లు తగ్గాయంటూ మా డిసల్యూషన్ సెక్షన్ మూసేశారు. మాత్ర కడుపులో ఎంతసేపట్లో కరిగి మందు వదులుతుందో పరీక్షించే సెక్షన్ అది. ఒక్కొక్కరినీ హెచ్ఆర్ గదిలోకి పిలిచారు. నా వంతు వచ్చేసరికి బల్ల మీద కాగితం ముందే ప్రింటు తీసి ఉంది. “మీ పని మీద ఎలాంటి ఫిర్యాదూ లేదు మేడమ్. పోస్టులే తీసేశారు” అన్నాడు ఎదురుగా కూర్చున్న అబ్బాయి. పాపం, అతనికీ ఆ మాట చెప్పడం ఇష్టం లేదని ముఖంలో తెలుస్తూనే ఉంది.

అతను చెప్పింది నిజమే. కానీ ఇంటికి వచ్చాక నా మనసు దాన్ని నమ్మలేదు. మా సెక్షన్‌లోనే ఒకరిద్దరిని వేరే విభాగంలోకి మార్చుకున్నారు. వాళ్లలో ఉన్నదేమిటి, నాలో లేనిదేమిటి? ఈ లెక్క ఒకసారి మొదలైతే దానికి అంతు ఉండదు. రాత్రుళ్లు పాత రిపోర్టులన్నీ తలలో తిరగేస్తూ ఎక్కడ పొరపాటు చేసి ఉంటానా అని వెతికేదాన్ని. ఏమీ దొరికేది కాదు. దొరకకపోతే ఊరట కలగాలి కదా, కలగలేదు. నా కంటికి కనబడనిది ఇంకేదో ఉందని, అది అందరికీ తెలుసని అనిపించేది.

కాగితాల పని మాత్రం వెంటనే చూసుకున్నాను, ఆ విషయంలో ఎవరూ ఆలస్యం చేయకూడదు. అయిదేళ్ల సర్వీసు నిండింది కాబట్టి గ్రాట్యుటీ వస్తుంది: చివరి బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణిస్తే వచ్చే మొత్తం. అప్పట్లో అమల్లో ఉన్న 1972 నాటి చట్టం ప్రకారం అది 30 రోజుల్లో ఇవ్వాలి. రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్, ఫారం 16 అడిగి తీసుకున్నాను. పీఎఫ్‌లో 75 శాతం నెల తర్వాత తీసుకోవచ్చని అప్పటి నిబంధన ఉన్నా ముట్టుకోలేదు, తర్వాత కొత్త ఖాతాకు మార్చుకున్నాను. ఈ పనులన్నీ చకచకా చేస్తుంటే నేను బాగానే ఉన్నానని ఇంట్లో అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

మా అత్తగారు ఎవరైనా అడిగితే “సెలవులో ఉంది” అని చెప్పేవారు. నా మీద ప్రేమతోనే చెప్పేవారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నాకు జరిగింది పైకి చెప్పుకోకూడని సంగతి అన్నట్టు అయ్యేది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం తగ్గించాను. చివరికి ఒకరోజు “అత్తయ్యా, సెక్షన్ మూసేశారని చెప్పండి, ఫరవాలేదు” అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసి “అట్లాగే చెబుతానమ్మా” అన్నారు. ఆ తర్వాత ఇంట్లో గాలి తేలికైంది. ఉద్యోగం పోయినవాళ్ల ఇళ్లలో ఈ సంభాషణ ఎంత త్వరగా జరిగితే అంత మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇంటర్వ్యూలలో “ఎందుకు మానేశారు?” అన్న ప్రశ్న తప్పదు. “అందరినీ తీసేశారా, మిమ్మల్నేనా?” అని ఒకాయన అడిగాడు. ఇంటికి వచ్చి ఆ రోజు అన్నం తినలేకపోయాను. చివరకు పాశమైలారం వైపు ఒక కంపెనీలో, పాత జీతం కంటే తక్కువకు ఉద్యోగం వచ్చింది. ఒప్పుకున్నాను.

కొత్త ల్యాబ్‌లో చేరగానే పని ఇవ్వరు. మొదట ఎస్ఓపీలు, అంటే ఏ పని ఎలా చేయాలో రాసిన నియమ పత్రాలు చదవాలి, చదివినట్టు సంతకం పెట్టాలి. తర్వాత అనలిస్ట్ క్వాలిఫికేషన్: ముందే ఫలితం తెలిసిన ఒక బ్యాచ్ ఇచ్చి పరీక్ష చేయిస్తారు. మన ఫలితం, పాత ఫలితం మధ్య తేడా పరిమితి లోపల ఉంటేనే సొంతంగా పని చేయనిస్తారు. ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా ఇది తప్పదు, ఆ సంగతి నాకు తెలుసు. ఒకప్పుడు నేనే ఇతరులకు చేయించాను. అయినా నా కంటే ఆరేడేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని పిపెట్ పట్టుకుంటుంటే, మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబెట్టారనే బాధ కలిగేది. పైగా పరీక్ష యంత్రాలను నడిపే సాఫ్ట్‌వేర్ పాత ల్యాబ్‌లో ఎంపవర్, ఇక్కడ క్రోమెలియాన్. చేతికి అలవాటైన బటన్లు ఉండాల్సిన చోట ఉండవు. ఆ చిన్న తడబాటు కూడా నా పనితనం మీద తీర్పులాగే అనిపించేది.

భయం ఎక్కడ కూర్చుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. అతి సూక్ష్మంగా తూచే అనలిటికల్ బ్యాలెన్స్ మీద స్టాండర్డ్ (పోల్చి చూడటానికి వాడే, శుద్ధత ముందే తెలిసిన మందు) తూస్తున్నప్పుడు తలుపు మూశాక చివరి అంకె కాసేపు ఊగుతుంది. అది నిలబడ్డాక ప్రింట్ నొక్కితే చిన్న చీటీ వస్తుంది. ఆ చీటీ రికార్డుకు అంటించాలి. అనుమానం వచ్చి మళ్లీ తూస్తే రెండో చీటీ కూడా అంటించి, ఎందుకు తూశారో కారణం రాయాలి. అంటే మందుల ల్యాబ్‌లో భయపడి చేసిన పని కూడా కాగితం మీదకు ఎక్కుతుంది. అందుకని మళ్లీ తూసేదాన్ని కాదు. ఆ అంకె నిలబడ్డాక కూడా అలా చూస్తూ కూర్చునేదాన్ని. పక్కన ఉన్న అమ్మాయిని “ఇది ఆగినట్టేనా?” అని అడిగేదాన్ని. తను వింతగా చూసి “ఆగింది కదా అక్కా” అనేది. యంత్రం గీసే గ్రాఫులో (క్రొమటోగ్రామ్‌లో) మందు ఒక శిఖరంలా, అంటే పీక్‌గా కనబడుతుంది; దాని అడుగున గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో పరీక్ష పద్ధతిలో రాసే ఉంటుంది. అయినా సరిచూసే రివ్యూయర్ దగ్గరకు వెళ్లి చూపించేదాన్ని. షిఫ్టు అయ్యాక మియాపూర్ వెళ్లే కంపెనీ బస్సులో కూర్చుని, ఆ రోజు వేసిన సంతకాలన్నీ ఒక్కొక్కటిగా మనసులో తడుముకుంటూ ఇంటికి చేరేదాన్ని.

ఆ రోజుల్లో అందరూ ధైర్యం చెప్పారు. “నీకేం తక్కువ, నీకంత అనుభవం ఉంది” అన్నారు. మా వారు ఓపికగా విన్నారు. స్ఫూర్తినిచ్చే ప్రసంగాలు ఫోనులో పంపినవాళ్లూ ఉన్నారు. వాళ్ల మంచి మనసుకు నమస్కారం. కానీ పొగడ్త నాకు పని చేయలేదు. పొగిడేవాళ్లకు నా పని తెలియదు, నా పని తెలిసినవాళ్లు నన్ను పంపించేశారు అన్న మాటే లోపల తిరిగేది.

ఇంతలో మార్చి వచ్చింది. 25వ తేదీ నుంచి దేశమంతా లాక్‌డౌన్. మందుల తయారీ అత్యవసర సేవ కాబట్టి మా కంపెనీ మూతపడలేదు. పాసులు ఇచ్చారు, బస్సులో సీటు వదిలి సీటు కూర్చోబెట్టారు, ఊళ్లకు వెళ్లినవాళ్లు తిరిగి రాలేకపోయారు. కోవిడ్‌కు మందు అంటూ హైడ్రాక్సీక్లోరోక్విన్ గురించి ప్రపంచమంతా మాట్లాడుతుంటే, మా ల్యాబ్‌లో మాత్రం మామూలుగానే బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు వరుసగా వచ్చి పడేవి. అవి ఆగితే రోజూ వేసుకునేవాళ్ల గతి ఏమిటి? మనుషులు సగం, పని అంతే. నెమ్మదిగా అలవాటు పడదామనుకున్న నా ముందుకు పూర్తి బాధ్యతతో శాంపిళ్లు వచ్చాయి. ఇంకొకరిని అడగడానికి పక్క కుర్చీలో ఎవరూ లేరు. ఆ ఖాళీ కుర్చీలు నాకు మేలు చేశాయని ఇప్పుడు అనిపిస్తుంది.

మా సెక్షన్ ఇన్‌ఛార్జి ఒక పెద్దావిడ. తక్కువ మాట్లాడతారు. ఒకరోజు యథాప్రకారం ప్రింటవుట్ పట్టుకుని “మేడమ్, ఇది సరిగ్గానే ఉందా?” అని వెళ్లాను. ఆవిడ కాగితం అందుకోలేదు. “ముందు నువ్వేమంటావో చెప్పమ్మా. ఉందా, లేదా? ఎందుకు? అది చెప్పాక నేను చూస్తాను” అన్నారు. నేను తడబడుతూ చెప్పాను. అప్పుడు కాగితం తీసుకుని చూసి, “సరే” అని తిరిగి ఇచ్చేశారు. ‘బాగా చేశావు’ లేదు, ‘ఇంత చిన్నదానికి వస్తావేమిటి’ లేదు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా అదే నియమం. నా నిర్ణయం ముందు, ఆవిడ చూపు తర్వాత.

ఈ పద్ధతి నన్ను ఎంతగా మార్చిందో మాటల్లో చెప్పడం కష్టం. అంతకుముందు నేను ఆవిడ ముఖం చూసి జవాబు తెలుసుకునేదాన్ని. ఇప్పుడు ముందుగా నోరు తెరిచి ఒక వైపు నిలబడాలి. నిలబడాలంటే పద్ధతి మళ్లీ చదవాలి, అంకెలు చూడాలి, కారణం వెతకాలి. అలా వెతికాక చాలాసార్లు ఆవిడ దగ్గరకు వెళ్లాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఇంటి దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. అందులో బ్యాచ్ నంబర్లు, ఫలితాలు రాయలేదు. ల్యాబ్ సమాచారం విడి కాగితాల మీద ఉండకూడదు, అది మా వృత్తిలో గట్టి నియమం. నేను రాసింది రెండే సంగతులు: ఈరోజు దేని గురించి భయపడ్డాను, చివరికి ఏమైంది. ‘పీక్ అడుగున గీత తప్పని తిప్పి పంపుతారనుకున్నాను. పంపలేదు.’ ‘బఫర్ పీహెచ్ గురించి అడుగుతారనుకున్నాను. అడిగారు, జవాబు చెప్పాను.’ కొన్ని వారాలయ్యాక వెనక్కి తిప్పి చదివితే నా భయాలకూ జరిగినవాటికీ పొంతన ఎంత తక్కువో కనబడింది. ఎవరో ఓదార్చడానికి చెప్పిన మాట అయితే కొట్టిపారేసేదాన్ని. నా చేత్తో రాసిందాన్ని కొట్టిపారేయలేకపోయాను.

ల్యాబ్‌లో రోజూ చేసే పనే ఒకటి అప్పుడు కొత్తగా అర్థమైంది. ద్రావణంలో మందు ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద శాంపిల్ వేసే ముందు సిస్టమ్ సూటబిలిటీ, అంటే యంత్రం ఆ రోజు సరిగ్గా పనిచేస్తోందా అని చూస్తాం. స్టాండర్డ్ ద్రావణాన్ని వరుసగా అయిదారుసార్లు ఇంజెక్ట్ చేస్తే, వచ్చే పీక్ ఏరియాల మధ్య హెచ్చుతగ్గుల కొలత (ఆర్ఎస్‌డీ) సాధారణంగా 2 శాతం దాటకూడదు. నిన్న బాగా పనిచేసింది కదా అని ఈరోజు వదిలేయం. యంత్రంలో మందును వేరుచేసే గొట్టం (కాలమ్) మార్చితే, యంత్రాన్ని ఇంకో గదికి తరలిస్తే మళ్లీ పరీక్షిస్తాం. అది యంత్రానికి అవమానం కాదు. చోటు మారింది, మళ్లీ చూసుకున్నాం, సరిపోయింది, ఇక పని మొదలు. నా క్వాలిఫికేషన్‌ను కూడా అలాగే చూడటం మొదలుపెట్టాను. మొదటి మెట్టు దగ్గర నిలబెట్టారన్న బాధ అప్పుడు పోయింది.

అసలు పరీక్ష ఆ ఏడాది చివర్లో వచ్చింది. బీపీ మాత్ర ఒకటి, మందు మోతాదు 5 మిల్లీగ్రాములు మాత్రమే. మా కంపెనీ పెట్టుకున్న పరిమితి ఆ మోతాదులో 95 నుంచి 105 శాతం. నా ఫలితం 93 దగ్గర వచ్చింది. పరిమితి దాటిన ఫలితాన్ని ఓఓఎస్ అంటాం. ఆ మూడక్షరాలు వినగానే ల్యాబ్‌లో అందరి తలలూ ఒకే వైపు తిరుగుతాయి.

ఇలాంటప్పుడు మళ్లీ మళ్లీ పరీక్షించి, పాసైన ఫలితాన్ని ఉంచుకుని ఫెయిలైనదాన్ని పారేయడానికి వీల్లేదు. 1993లో అమెరికాలో బార్ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో జడ్జి ఆల్ఫ్రెడ్ వోలిన్ ఇచ్చిన తీర్పుతో ఈ విషయం స్థిరపడింది. ఇలాంటి ఫలితాలను ఎలా విచారించాలో 2006లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్గదర్శకాలుగా విడుదల చేసింది. మొదట ల్యాబ్‌లో తప్పు జరిగిందా అని వెతకాలి. దొరికితేనే ఆ ఫలితాన్ని రద్దు చేయవచ్చు. దొరకకపోతే విచారణ ప్రొడక్షన్ వైపు వెళుతుంది.

ప్రొడక్షన్ నుంచి ఫోను వచ్చింది. స్పీకర్‌లో నాకు కూడా వినబడింది. “కొత్తగా వచ్చిన మేడమ్ చేశారట కదా. ఇంకెవరితోనైనా చేయించి చూడండి.” నా గొంతు తడారిపోయింది. మా ఇన్‌ఛార్జి మేడమ్ “ముందు ఆమె చేసినదాంట్లో తప్పు ఎక్కడో తేలాలి కదా సార్” అని ఫోను పెట్టేశారు. నా వైపు తిరిగి “ద్రావణాలు ఉన్నాయా?” అని అడిగారు. ఉన్నాయి. లెక్క తేలేవరకూ ఏ ఫ్లాస్కూ కడగకూడదు, ఆ అలవాటు నాకు మొదటి ఉద్యోగంలోనే పడింది.

ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని చెక్‌లిస్టు ప్రకారం ఒక్కొక్కటీ చూశాం. స్టాండర్డ్ సరైనదేనా, దాని పొటెన్సీ (శుద్ధత శాతం) లెక్కలో సరిగ్గా వేశానా. బ్యాలెన్స్ చీటీలు. ఫ్లాస్కు మెడ దగ్గర గీత వరకు ద్రావణం ఉందా. పొడి చేసిన 20 మాత్రల సగటు బరువు. ధ్వని తరంగాలతో మందును కరిగించే సోనికేటర్‌లో ఎంతసేపు ఉంచాను. ఫిల్టర్ నుంచి మొదట వచ్చే కొన్ని మిల్లీలీటర్లు పారబోశానా, ఏ ఫిల్టర్ వాడాను. అదే చిన్న సీసాలోని (వయల్) ద్రావణాన్ని యంత్రంలోకి మళ్లీ ఇంజెక్ట్ చేశాం, అదే అంకె వచ్చింది. అదే మూల ద్రావణం నుంచి కొత్తగా డైల్యూట్ చేశాం, అదే. మందు పూర్తిగా కరగలేదేమోనని ఇంకొంతసేపు సోనికేట్ చేసి చూశాం, అప్పుడూ అంతే. అడిగిన ప్రతిదానికీ నా దగ్గర కాగితం ఉంది. కాగితం ఉండటం వేరు, ఆ కాగితాన్ని నేను నమ్మడం వేరు. ఆ మధ్యాహ్నం ఒక్కో పేజీ తిప్పుతున్నకొద్దీ రెండోది జరుగుతూ వచ్చింది.

చివరికి ఆవిడ పెన్ను పక్కన పెట్టి అడిగారు: “నీ నిర్ణయం ఏమిటి?”

“ల్యాబ్‌లో తప్పు లేదు మేడమ్. మాత్రలోనే మందు తక్కువగా ఉంది.”

“రాయి మరి.”

రాశాను. సంతకం పెట్టాను. చెయ్యి ఆగలేదు.

తర్వాత నిబంధన ప్రకారం ఇంకో అనలిస్టు చేత పరీక్ష చేయించారు, అతనికీ తక్కువే వచ్చింది. పొడిని మాత్రలుగా నొక్కే దశ మొదట్లో, మధ్యలో, చివర్లో తీసిన శాంపిళ్లను విడివిడిగా చూస్తే, చివర్లో వచ్చిన మాత్రల్లో మందు తగ్గినట్టు తేలింది. మోతాదు తక్కువగా ఉన్న మందుల్లో పొడి యంత్రం పైనున్న గరాటు (హాపర్) నుంచి దిగుతున్నప్పుడు మందు రేణువులు, మిగతా పొడి వేరుపడే ప్రమాదం ఎక్కువ. ఆ బ్యాచ్‌ను తిరస్కరించారు. బీపీ అదుపులో ఉండాలని ఆ మాత్ర మీద ఆధారపడే మనిషి దాకా అది వెళ్లలేదు. మా అమ్మ కూడా రోజూ బీపీ మాత్ర వేసుకుంటుంది. నా పని దేనికోసమో అంత స్పష్టంగా అంతకుముందెప్పుడూ అనిపించలేదు.

ఆ రోజుతో అంతా సర్దుకుందని చెప్పలేను. హెచ్ఆర్ నుంచి ఫోను వస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఒకసారి “ఒక్కసారి రండి మేడమ్” అంటే మెట్లు దిగుతూనే ఇంటి లోను వాయిదాలు లెక్క వేసుకున్నాను. తీరా చూస్తే పీఎఫ్ నామినేషన్‌లో సంతకం కావాలట. జీతం పాత స్థాయికి చేరడానికి కూడా చాలా కాలం పట్టింది. కానీ ల్యాబ్ తలుపు దాటి లోపలికి వచ్చాక ఆ భయం నా వెంట రావడం మానేసింది.

మా కాలనీలో ఒక పెద్దాయన ఉండేవారు. బాలానగర్‌లోని ప్రభుత్వ రంగ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసి, అది కుప్పకూలినప్పుడు బయటికి వచ్చినవారు. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారని, ఈ నగరంలో మందుల పరిశ్రమకు అక్కడ నేర్చుకున్నవాళ్లే పునాది వేశారని అందరూ చెబుతారు. మా కాలనీ పెద్దాయన మాత్రం కంపెనీలు పెట్టని మిగతా వేలమంది గురించి చెప్పేవారు. “మాకు పని వచ్చు. ఇంకోచోట ఆ పని మా చేత చేయనిస్తారా అన్నదే బెంగ. చేయనిచ్చిన చోట నిలబడ్డాం” అనేవారు.

అందుకే ల్యాబుల్లో, ఆఫీసుల్లో ఇన్‌ఛార్జిలుగా ఉన్నవారిని ఒకటి వేడుకుంటున్నాను. ఉద్యోగం పోగొట్టుకుని మీ దగ్గరకు వచ్చినవాళ్లను నెలల తరబడి ఎస్ఓపీలు చదువుతూ కూర్చోనివ్వకండి. జాలితో తేలిక పనులు ఇవ్వకండి. ఫలితం సరైనదో కాదో తేలిపోయే పని, చిన్నదైనా సరే, త్వరగా వాళ్ల చేతికి ఇవ్వండి. వాళ్లు మీ ముఖం చూసి జవాబు వెతుక్కుంటుంటే ముందు వాళ్ల మాట అడగండి. కొత్తగా చేరినవారు కూడా ‘నేను బాగా చేస్తున్నానా?’ అని అడగడం కంటే, ‘నా క్వాలిఫికేషన్ ఎప్పుడు పూర్తవుతుంది, నాకు సొంతంగా ఏ పరీక్ష ఇస్తారు?’ అని అడగడం మంచిది. మొదటిదానికి వచ్చేది మర్యాద కోసం చెప్పే మాట. రెండోదానికి తేదీ వస్తుంది.

నేను కొత్త కంపెనీలో చాలా కాలం డిసల్యూషన్ గది వైపు వెళ్లలేదు. పాత చోట మూసేసింది ఆ సెక్షనే కాబట్టి, మళ్లీ అందులో చేరితే మళ్లీ పంపేస్తారనే భయం ఉండేది. ఓఓఎస్ విచారణ ముగిసిన తర్వాతి ఏడాది అక్కడ మనిషి అవసరమైంది. ఎవరూ అడగకముందే మేడమ్ దగ్గరకు వెళ్లి, ఆ పని నాకు బాగా వచ్చునని, నన్ను అక్కడ వేయమని అడిగాను. ఆవిడ ట్రైనింగ్ ఫైలు తెరిచి, నా పేరు కింద డిసల్యూషన్ క్వాలిఫికేషన్‌కు వచ్చే సోమవారం తేదీ వేశారు.